చెల్లెలికి ఎమ్మెస్: చైనా వైద్యం మొదలుపెడితే ఇంజెక్షను ఆపేయాలంట, నిజమేనా?

కొర్లగుంట అన్న | ఆదివారం రాత్రి 10:20

అందరికీ నమస్కారం. మాది తిరుపతి. మా చెల్లెలికి 29 ఏళ్లు, పాకాలలో ప్రైవేటు బడిలో టీచరు. రెండేళ్ల కిందట కుడి కన్ను మసకబారింది. కన్ను పక్కకు తిప్పితే నొప్పి అనింది. అద్దాల షాపుకు తీసుకుపోయినాం, పవరు మారిందన్నారు, అద్దాలు కొన్నాం. మూడు వారాలకు చూపు వచ్చేసింది. పోయిన ఏడాది శివరాత్రి అప్పుడు నడుము కింద నుంచి రెండు కాళ్లూ తిమ్మిరి, చెప్పు జారిపోయినా తెలిసేది కాదు. ఎమ్మారై తీసి, వెన్నులో నీరు తీసి పరీక్ష చేసి మల్టిపుల్ స్క్లీరోసిస్ (ఎమ్మెస్) అనే నరాల జబ్బు అన్నారు. ఐదు రోజులు సెలైన్‌లో స్టెరాయిడ్ ఎక్కించినారు, లేచి నడిచింది. అప్పటి నుంచి వారానికొక ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షను.

ఇప్పుడు మా పిన్నమ్మ వాళ్లు చెప్పినారని అమ్మ దాన్ని వేరే ఊర్లో చైనా వైద్యం చేసే ఒకాయన దగ్గరికి తీసుకుపోయింది. ఆయన రెండు చేతుల నాడీ పట్టి, నాలుక చూసి, కిడ్నీల శక్తి తగ్గింది, దానివల్ల వెన్నులో మజ్జ ఎండిపోతా ఉంది అన్నాడంట. వారానికి రెండుసార్లు సూదులు, రెండు పూటలా పొడి, ఆరు నెలలు. నెలకు 9 వేలు. షరతు ఒకటే: ఇంజెక్షను ఆపేయాల, రెండూ కలిస్తే తన మందు పనిచేయదంట. అమ్మ సరే అనింది. చెల్లెలు కూడా సరే అంటా ఉంది, అదే నాకు అర్థం కావడం లేదు. మొన్న శుక్రవారం ఇంజెక్షను వేసుకోలేదు, ఫ్రిజ్జులో అట్లే ఉంది.

ఈ వైద్యం చేయించుకున్నోళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. ఇంట్లో మాట్లాడితే గొడవైపోతా ఉంది.

చంద్రగిరి సరళ | ఆదివారం రాత్రి 11:05

తమ్ముడూ, రేపు పొద్దున లేస్తూనే ఆ ఇంజెక్షను రాసిన డాక్టరుకు ఫోన్ చేసి, ఒక డోసు తప్పింది, ఇప్పుడు వేయాలా వచ్చే శుక్రవారం దాకా ఆగాలా అని అడుగు. మిగతాది నిదానంగా మాట్లాడుకుందాం.

నాకు ఎమ్మెస్ వచ్చి 11 ఏళ్లు. జబ్బు వచ్చిన ఐదో ఏట నేను కూడా మందు ఆపినాను. నాది చైనా మందు కాదు, పేరు లేని డబ్బాలో ఒక చూర్ణం. మొదటి మూడు నెలలు ఎంత బాగున్నానో చెప్పలేను. అలిపిరి మెట్లు ఎక్కుతానని మొక్కుకున్నాను కూడా. మా వీధిలో ఇద్దరికి ఆ డబ్బా కొనిపించినాను, ఆ సంగతి గుర్తొస్తే ఈరోజుకీ నాకు నిద్ర పట్టదు. ఎనిమిదో నెలలో ఒక రాత్రి ఎడమ చేయీ ఎడమ కాలూ పడిపోయినాయి. ఎమ్మారైలో కొత్త మచ్చలు ఏడు. వాటిలో కొన్ని పాతబడిపోయి ఉన్నాయి, అంటే నేను బాగున్నాననుకున్న నెలల్లోనే వచ్చినాయి అని డాక్టరమ్మ ఫిల్మ్ పెట్టి చూపించింది. చేతికర్ర ఆ ఏడాది నుంచి.

ఈ జబ్బు వస్తుంది, దానంతట అదే తగ్గుతుంది, మళ్లీ వస్తుంది. తగ్గే టైములో ఏది మింగుతా ఉంటే దానికి పేరు పోతుంది. మీ చెల్లెలి చూపు వచ్చింది అద్దాల వల్లేనని మీరు అనుకున్నారు కదా, నా చూర్ణం కూడా ఆ అద్దాల లాంటిదే.

పుత్తూరు పెద్దాయన | సోమవారం ఉదయం 6:10

నాయనా, నేను డెబ్బై దాటినోణ్ణి. మాది పుత్తూరు పక్కన. తెల్లారక ముందే మద్రాసు నుంచి, బెంగుళూరు నుంచి ఎముక కట్టు కోసరం బండ్లొచ్చి నిలబడతా ఉంటాయి. ఆపరేషన్ తప్పదని చెప్పించుకున్నోళ్లు కూడా ఆకుపసురు, వెదురు దబ్బలతో కట్టు కట్టించుకోని నడిచిపోయినారు, నా కండ్లారా చూసినాను. చైనా వాళ్ల వైద్యం కూడా వేల ఏండ్లది. అనుభవం లేకుండానే అన్ని తరాలు నిలబడతాదా? ఇంగ్లీషు మందుతో ఈ జబ్బు పూర్తిగా పోతాదని ఒక్క డాక్టరైనా రాసిస్తాడా? రాసీడు. అట్లాంటప్పుడు ఆ బిడ్డ ఇంకోటి చూస్తానంటే అడ్డం పడబాకండి.

నరాల డాక్టరు | సోమవారం మధ్యాహ్నం 2:40

న్యూరాలజీలో శిక్షణలో ఉన్నాను. రోగిని చూడకుండా మందు మార్చమని గానీ ఆపమని గానీ నేను చెప్పను. జబ్బు గురించి మాత్రం చెప్తాను.

మెదడు, వెన్నుపాము, కంటి నరం, వీటిలోని నరాల పోగుల మీద మైలిన్ అనే కొవ్వు పొర చుట్టుకొని ఉంటుంది. మన రోగనిరోధక కణాలే దాన్ని శత్రువనుకుని కొరికేస్తాయి. మామిడి తోటలో డ్రిప్పు పైపుకు చిల్లులు పడితే చివరి చెట్లకు నీళ్లు అందవు కదా, అట్లాగే సంకేతం దారిలోనే కారిపోతుంది. దెబ్బ కంటి నరం మీద పడితే చూపు, వెన్నులో పడితే కాళ్లూ మూత్రమూ. తల వంచితే వీపులో కరెంటు కొట్టినట్టు ఉండటం కూడా దీని గుర్తే. కొరికిన చోట గట్టిబడిన మచ్చలు మిగులుతాయి. 1868లో పారిస్‌లో షార్కో ఆ మచ్చలను చూసే జబ్బుకు పేరు పెట్టాడు. ప్రపంచంలో సుమారు 28 లక్షల మందికి ఉందని లెక్క. ఎక్కువగా 20 నుంచి 40 ఏళ్ల మధ్య మొదలవుతుంది, మగవాళ్ల కంటే ఆడవాళ్లలో రెండు మూడు రెట్లు. మొదట్లో నూటికి 85 మందికి అటాక్ రావడం, తగ్గడం అనే రకమే. సరళ గారు చెప్పిన మోసం అక్కడే ఉంది.

పెద్దాయనా, పుత్తూరు కట్టు మాట మీరే తీశారు కాబట్టి అడుగుతున్నా. విరిగిన ఎముకను అతికించేది శరీరమే, కట్టు దాన్ని కదలకుండా పట్టుకుంటుంది. మైలిన్‌ను కూడా శరీరం కొంతవరకు మళ్లీ అల్లుకుంటుంది, అందుకే ఆ అమ్మాయి చూపు తిరిగి వచ్చింది. కానీ కట్టు కట్టించుకున్నాక ఆ కాలి మీద మళ్లీ ఎవరూ కర్రతో కొట్టరు. ఎమ్మెస్‌లో కొట్టేవాడు ఇంట్లోనే ఉన్నాడు. ఇంటర్‌ఫెరాన్ లాంటి మందుల పని వాడి చేయి పట్టుకోవడం. 1993లో మొదటిది వచ్చినప్పుడు అటాక్‌లు మూడింట ఒక వంతు తగ్గాయి, అంతే. తర్వాత వచ్చిన నటాలిజుమాబ్, ఆక్రెలిజుమాబ్ ఇంకా గట్టివి. మన దేశంలో ఖర్చు తట్టుకోలేక చాలామందికి రిటుక్సిమాబ్ ఇస్తున్నాం, 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని ఎమ్మెస్ కోసం అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. ఏదీ జబ్బును పూర్తిగా తీసేయదు. మీరన్న ఆ మాట నిజమే, దాన్ని దాచే డాక్టరు మంచి డాక్టరు కాదు.

అన్నగారికి ఒక ప్రశ్న: ఆక్వాపోరిన్-4 యాంటీబాడీ పరీక్ష చేశారా? కన్నూ వెన్నూ రెండూ దెబ్బతిన్నప్పుడు ఎన్ఎంఓ అనే వేరే జబ్బు కాదని తేల్చుకోవాలి. అదైతే ఇంటర్‌ఫెరాన్ మేలు చేయకపోగా కీడు చేస్తుంది.

కొర్లగుంట అన్న | సోమవారం సాయంత్రం 5:15

ఫైలు తీసి చూసినాను సార్. నెగెటివ్ అని ఉంది. సరళక్కా, పొద్దున ఫోన్ చేసినాను, నర్సమ్మ మాట్లాడింది, ఇరవైరెండో తేదీ రమ్మన్నారు.

చిత్తూరు సూది వైద్యం | సోమవారం రాత్రి 9:30

ఆక్యుపంక్చర్ నా వృత్తి, 14 ఏళ్లుగా చేస్తున్నాను. ఈ విద్య మనకు కొత్తది కాదు. యుద్ధంలో గాయపడినవాళ్లకు వైద్యం చేయడానికి డాక్టర్ కోట్నీస్‌తో పాటు 1938లో చైనా వెళ్లిన కలకత్తా డాక్టర్ బిజయ్ కుమార్ బసు, 1959లో దీన్ని నేర్చుకొని వచ్చి ఇక్కడ మొదలుపెట్టారు. 2003లో కేంద్ర ఆరోగ్యశాఖ చికిత్సా విధానంగా అనుమతి ఇచ్చింది.

ఆ వైద్యుడు చెప్పిన కిడ్నీ, మజ్జ మాటలు ఆయన సొంతంగా అల్లినవి కావు. చైనా వైద్యానికి మూలగ్రంథం హువాంగ్‌దీ నేయ్‌జింగ్, రెండు వేల ఏళ్ల పైమాట. అందులో మల్టిపుల్ స్క్లీరోసిస్ అనే పేరు ఉండదు. కాళ్లు చేతులు బలం తప్పి వాడిపోవడాన్ని "వేయ్" అన్నారు. వాళ్ల లెక్కలో కిడ్నీ అంటే స్కానింగులో కనపడే కిడ్నీ ఒక్కటే కాదు, ఎముకకూ మజ్జకూ ఆధారమైన శక్తి. మెదడును మజ్జల సముద్రం అన్నారు. కాబట్టి మీ చెల్లెలి కిడ్నీలు పాడయ్యాయని ఎవరూ భయపడొద్దు, కిడ్నీల రక్తపరీక్ష క్రియాటినిన్ చూస్తే మామూలుగానే ఉంటుంది. వేయ్‌కి వైద్యం జీర్ణాశయపు దారి, అంటే యాంగ్‌మింగ్ పట్టుకొని చేయమని ఆ గ్రంథమే చెప్తుంది. అందుకే మేము మోకాలి చిప్ప కింద నాలుగు వేళ్ల దూరంలో, కాలి బయటి వైపు ఉండే జుసాన్‌లీ బిందువు దగ్గర సూది పెడతాం.

నా దగ్గరికి ఎమ్మెస్ వాళ్లు ఐదుగురు వచ్చారు. కాళ్లు బిగుసుకుపోవడం, నిద్ర, నొప్పి, వీటిలో ముగ్గురికి తేడా కనపడింది. ఇద్దరికి లేదు. పెద్ద సంఖ్యలో రోగుల మీద గట్టిగా చేసిన పరీక్షలు ఈ జబ్బులో తక్కువ, కాబట్టి నేను ఇంతకు మించి చెప్పుకోను. సూది ఎమ్మారైలో మచ్చలను ఆపుతుందని నేను ఒక్కరికీ చెప్పలేదు, చెప్పను. ఇంజెక్షనుతో కలిస్తే సూది పనిచేయదు అన్న మాట మా శాస్త్రంలో నేనెక్కడా చదవలేదు. రోగి తీసుకునే మందు ఆపమని అడిగే హక్కు మా వృత్తిలో ఎవరికీ లేదు. ఆయన మా వాడే అయినా ఈ మాట చెప్పక తప్పదు.

సూదుల కంటే ఆ పొడి గురించే నా భయం ఎక్కువ. అందులో ఏముందో రాసిచ్చారా?

కొర్లగుంట అన్న | సోమవారం రాత్రి 9:48

లేదు సార్. తెల్ల డబ్బా. చైనా అక్షరాల స్టిక్కరు ఒకటి ఉంది.

నరాల డాక్టరు | సోమవారం రాత్రి 11:20

అయితే ఆ పొడి ఒక్క చెంచా కూడా వద్దు. ఇది చైనా మీద కోపంతో అనడం లేదు. చైనా మూలికల్లో గొప్ప మందులున్నాయి. మలేరియాకు ఆర్టెమిసినిన్ అక్కడి మాచిపత్రి జాతి మొక్కలోంచే వచ్చింది, తూ యోయోకు 2015లో నోబెల్ ఇచ్చారు. ఎమ్మెస్‌లోనే ఒకటుంది, వింటే పెద్దాయన సంతోషిస్తారు. చైనా వైద్యంలో పురుగుల మీద మొలిచే ఒక రకం శిలీంధ్రాలను బలానికి వాడతారు. ఆ కుటుంబంలోని ఒక శిలీంధ్రంలో జపాన్‌లోని క్యోటోలో ఫుజితా బృందం మైరియోసిన్ అనే పదార్థాన్ని పట్టుకుంది. దాన్ని మార్చి మార్చి తయారుచేసిందే ఫింగోలిమాడ్. 2010లో అమెరికాలో అనుమతి పొందిన ఎమ్మెస్ మాత్ర అది, ఇప్పుడు మన మందుల షాపుల్లోనూ దొరుకుతుంది. రోగనిరోధక కణాలు గ్రంథుల్లోంచి బయటికి రాకుండా ఆపుతుంది. అంత శుద్ధి చేసిన మందుకే మొదటి మాత్ర వేశాక ఆరు గంటలు గుండె చూస్తూ కూర్చోబెడతాం. ఎంత డోసో, ఏం కీడో తెలుసు కాబట్టే కాపలా కాయగలుగుతున్నాం.

డబ్బా మీద ఏమీ రాయని పొడికి ఏం కాపలా కాస్తాం? 1990లలో బెల్జియంలో సన్నబడటానికి చైనా మూలికలు మింగిన వందమందికి పైగా ఆడవాళ్ల కిడ్నీలు చెడిపోయాయి. ఒక వేరు బదులు పేరులో దగ్గరగా ఉన్న ఇంకో వేరు, అరిస్టొలోకియా జాతిది, కలిసిపోయింది. లేయ్‌గోంగ్‌తెంగ్ అని ఒక తీగ ఉంది, రోగనిరోధక జబ్బులకు చైనాలో నిజంగానే వాడతారు, నిజంగానే పనిచేసే గుణం ఉంది, కానీ కాలేయాన్నీ సంతానశక్తినీ దెబ్బతీస్తుంది. ఇంకోటి కూడా చూశాం: పేరులేని పొడుల్లో స్టెరాయిడ్ కలిపేస్తారు. వారంలో ఒళ్లు తేలికయిందంటే అద్భుతం అనుకుంటాం. ఆ అమ్మాయి సెలైన్ ఎక్కించగానే లేచి నడవలేదా? అదే మందు, డోసు తెలియకుండా, నెలల తరబడి.

ఇంటర్‌ఫెరాన్‌కు కూడా కాలేయం మీద కొంత ప్రభావం ఉంటుంది, అందుకే ఎల్ఎఫ్‌టీ అనే కాలేయ పరీక్ష చేయిస్తూ ఉంటాం. దాని మీద తెలియని మూలిక పడితే ఎవరి వల్ల చెడిందో కూడా తేల్చలేం.

మదనపల్లె రమ | మంగళవారం ఉదయం 7:15

మా అక్కకు ఎమ్మెస్. ఇమ్యూనిటీ పెరగాలని కరోనా అప్పటి నుంచి రోజూ తిప్పతీగ కషాయం ఇస్తున్నాం. అది మన మూలికే కదా, పర్వాలేదా? తేనెటీగలతో కుట్టించుకుంటే తగ్గుతుందని కూడా ఒక వీడియో చూసింది.

నరాల డాక్టరు | మంగళవారం ఉదయం 7:50

రమ గారూ, కషాయం ఆపి మీ డాక్టరుకు చెప్పండి, ఒకసారి ఎల్ఎఫ్‌టీ చేయించండి. ఎమ్మెస్‌లో ఇమ్యూనిటీ తక్కువై జబ్బు రాలేదు, దారి తప్పి వచ్చింది. దాన్ని రెచ్చగొట్టడం మనకు వద్దు. తిప్పతీగ వాడినవాళ్లలో కాలేయం వాచిన కేసులు కరోనా కాలంలో ముంబై డాక్టర్లు ప్రచురించారు. చైనా వాళ్ల మూలికలు హువాంగ్‌చీకి, జిన్‌సెంగ్‌కు కూడా ఇదే జాగ్రత్త. తేనెటీగల మీద నెదర్లాండ్స్‌లో 26 మందితో పరీక్ష చేసి 2005లో ప్రచురించారు, అటాక్‌లూ తగ్గలేదు, నిస్సత్తువా తగ్గలేదు.

వేలూరు బండి | మంగళవారం మధ్యాహ్నం 1:00

మా ఆవిడ కోసం మూడు నెలలకోసారి చిత్తూరు నుంచి వేలూరు సీఎంసీకి పోతుంటాం, గంట ప్రయాణం. తిరుపతిలో ఉన్నోళ్లకు స్విమ్స్‌లో న్యూరాలజీ ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల్లో మల్టిపుల్ స్క్లీరోసిస్ పేరు పెట్టి ఉంది, చాలామందికి తెలియదు. సదరం క్యాంపులో వైకల్యం 40 శాతం దాటితే సర్టిఫికెట్ పనికొస్తుంది. ఎమ్మారై ఫిల్ములు, డిశ్చార్జి కాగితాలు అన్నీ తీసుకుపోండి, కాళ్లు బాగున్న రోజు పోతే జబ్బు వాళ్లకు కనపడదు.

చంద్రగిరి సరళ | మంగళవారం మధ్యాహ్నం 3:30

ఎండాకాలం గురించి కూడా చెప్పాల. మే నెలలో మన తిరుపతిలో 42, 43 డిగ్రీలు. బజారుకు పోయి వచ్చేసరికి నాకు చూపు మసక, కాళ్లు పిండి ముద్దలు. మొదట్లో ప్రతిసారీ అటాక్ అని ఏడ్చేదాన్ని. ఒంటి వేడి అర డిగ్రీ పెరిగినా దెబ్బతిన్న నరంలో సంకేతం ఆగిపోతుందంట, చల్లబడితే తిరిగి వస్తుంది, కొత్త మచ్చ కాదంట. దీనికి ఊట్‌హాఫ్ అనే జర్మనీ కంటి డాక్టరు పేరు పెట్టినారు, 1890లో ఆయన రాసింది. ఎమ్మారై లేని రోజుల్లో వేడినీళ్ల తొట్టిలో కూర్చోబెట్టి జబ్బు కనిపెట్టేవాళ్లంట. ఇప్పుడు మెడ చుట్టూ తడి తువ్వాలు లేకుండా గడప దాటను. 24 గంటలు దాటినా తగ్గకుంటే అప్పుడు ఫోన్ చేస్తాను.

దీన్ని కూడా అమ్ముకుంటారు, చూసుకోండి. మేలో మందు మొదలుపెట్టి ఆగస్టులో నీరసం తగ్గితే ఆ పేరు వానలది.

పాకాల టీచరు | మంగళవారం రాత్రి 10:40

నేనే ఆ చెల్లెల్ని. అన్న ఫోన్లో మొత్తం చదివినాను, కొన్ని రెండుసార్లు.

ఇంతమంది రాసినారు, నేను ఇంజెక్షను ఎందుకు ఆపినానో ఒక్కరూ అడగలేదు. శుక్రవారం రాత్రి వేసుకుంటే రెండు గంటలకు చలి, దవడలు కొట్టుకుంటాయి, ఒళ్లంతా రోకలితో దంచినట్టు ఉంటుంది. శనివారం బడి ఉంటుంది. ఏడాదిగా శనివారాలు గోడ పట్టుకొని పాఠం చెప్తా ఉండాను. డాక్టరు దగ్గర చెప్తే, అది మామూలేనమ్మా అన్నారు, అంతలోనే ఇంకో పేషెంటును పిలిచినారు. పెళ్లయి మూడేళ్లు. ఈ మందు ఉండగా బిడ్డను కనవచ్చా అని అడగడానికి రెండుసార్లు పోయి అడగలేక వచ్చేసినాను. ఆ చైనా వైద్యం ఆయన 40 నిమిషాలు నాతోనే మాట్లాడినాడు. నిద్ర ఎట్లుంది, చెమట ఎప్పుడు పడుతుంది, ఏడుపు వస్తుందా అని అడిగినాడు. జబ్బు వచ్చినప్పటి నుంచి నన్ను అవి అడిగింది ఆయనొక్కడే. అందుకే సరే అన్నాను. పొడి మీద నమ్మకంతో కాదు.

నరాల డాక్టరు | బుధవారం ఉదయం 5:55

అమ్మా, ముందు అడగాల్సింది నేనే. అడగలేదు. క్షమించండి.

ఇంటర్‌ఫెరాన్ జ్వరం నిజమైన బాధ. ఇంజెక్షనుకు ముందే పారాసిటమాల్ వేసుకోవడం, శుక్రవారం బదులు శనివారం రాత్రికి మార్చుకోవడం, మళ్లీ మొదలుపెట్టేటప్పుడు తక్కువ డోసుతో ఎక్కించడం, ఇవన్నీ మీ డాక్టరు చేయగలరు. అయినా తట్టుకోలేకపోతే గ్లాటిరమర్ అనే ఇంకో ఇంజెక్షను ఉంది, దానితో ఇట్లాంటి జ్వరం రాదు. "నేను ఈ మందు మార్చుకోవాలనుకుంటున్నాను" అని గది లోపలికి అడుగు పెట్టగానే ఆ మాటే చెప్పండి.

బిడ్డ గురించి. ఎమ్మెస్ ఉన్నవాళ్లు తల్లులవుతున్నారు. గర్భంలో, అందులోనూ చివరి మూడు నెలల్లో అటాక్‌లు తగ్గుతాయి. కాన్పయ్యాక మొదటి మూడు నెలలు పెరుగుతాయి, అప్పుడు జాగ్రత్త. ఇంటర్‌ఫెరాన్, గ్లాటిరమర్ ఈ విషయంలో భయపడాల్సినవి కావు. ఫింగోలిమాడ్, టెరిఫ్లూనమైడ్ మాత్రం పనికిరావు, కాబట్టి మందు ఎంచుకోక ముందే ఈ కోరిక డాక్టరుకు తెలియాలి. కాగితం మీద రాసుకొని పోయి, చదివి వినిపించండి. ఎవరూ ఏమీ అనుకోరు.

పుత్తూరు పెద్దాయన | బుధవారం ఉదయం 6:20

తల్లీ, నువ్వు రాసింది చదివి నా మనవరాలు గుర్తుకొచ్చింది. అడ్డం పడబాకండి అని రాసినానే గానీ, డబ్బా మీద పేరు లేని సంగతి నాకు తెలీదు. మా తావ కట్టు కట్టేవోళ్లు కూడా ఎక్స్‌రే చూడకుండా చెయ్యి వెయ్యరు ఇప్పుడు. మీ అమ్మతో మాట్లాడాలంటే చెప్పు. పెద్దోళ్ల మాట పెద్దోళ్లు వింటారు.

చిత్తూరు సూది వైద్యం | బుధవారం ఉదయం 8:00

అమ్మా, సూదులు కావాలనిపిస్తే ఇంజెక్షను ఆపకుండానే రావచ్చు. మీ డాక్టరుకు చెప్పి రండి, ఒకసారి వాడి పారేసే సూదులేనా అని అడిగి చూసి మరీ కూర్చోండి. తైచీ అనే చైనా వ్యాయామంలోని అడుగులు కొన్ని నేర్పిస్తాను, ఒంటికాలి మీద నిలబడే పట్టు వస్తుంది, వేసవిలో పొద్దు పొడవక ముందు చేసుకోవచ్చు. నిద్ర గురించీ ఏడుపు గురించీ నేనూ అడుగుతాను.

పాకాల టీచరు | గురువారం రాత్రి 9:10

పెద్దాయన అమ్మతో అరగంట మాట్లాడినారు. ఏం మాట్లాడుకున్నారో అమ్మ చెప్పలేదు, ఫోన్ పెట్టేసి పొడి డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టింది. పారేయలేదు, డాక్టరుకు చూపిస్తాను. అన్న మళ్లీ ఫోన్ చేసినాడు, నర్సమ్మ తేదీ ముందుకు జరిపింది, రేపే రమ్మన్నారు. డోసు సంగతి కూడా అక్కడే తేల్చుకుంటాం. కాగితం మీద ఆరు ప్రశ్నలు రాసుకున్నాను, బిడ్డ సంగతి మొదటిది.

సరళక్కా, తోడు వస్తానని విడిగా మెసేజ్ పెట్టినారు కదా. ఏడున్నరకు బస్టాండులో పాకాల బస్సు దిగుతాను. తడి తువ్వాలు రెండు తెస్తాను, మీకొకటి.